కింది కొస

ఇళ్ళు మార్చే పనిలో మెట్ల మీద నడిచే న్యాయం ఒకటుంది. బీరువాని ఇద్దరు మనుషులు కిందికి దింపుతున్నప్పుడు పై కొస పట్టినవాడు పట్టుకున్నట్టు కనిపిస్తాడు, కింది కొస పట్టినవాడు మోస్తాడు. పేరు ఇద్దరిది, బరువు ఒకడిది. జాకీ ఈ పనిలోకి వచ్చిన నాటి నుంచి మంచాన పడ్డ నాటి దాకా కింది కొసని ఇంకొకడికి ఇచ్చిన పాపాన పోలేదు.

జాకీ అన్నది అసలు పేరు కాదు. వయసులో ఉండగా, ఫర్నిచర్ కొట్లో కూలీగా పనిచేసే రోజుల్లో లారీ చక్రం గుంటలో దిగబడితే, డ్రైవరు జాకీ వెతుక్కొచ్చేలోగా ఇతను వీపు ఆనించి చక్రం కింద చెక్క దూర్చేంత ఎత్తు లేపాడట. ఈ కథ చెప్పేవాళ్ళలో సగం మంది ఆ రోజు అక్కడ లేరు, మిగతా సగం అప్పటికి పుట్టలేదు. అయినా పేరు నిలిచిపోయింది. తర్వాత సొంతంగా ఒక పాత లారీ కొన్నాడు. భార్య తమ్ముణ్ణి డ్రైవరుగా పెట్టుకున్నాడు. సామాన్లు కట్టడానికి ఇంకొకణ్ణి చేర్చుకున్నాడు. ఆ ఇంకొకడు అట్టపెట్టెల మధ్యే తిని అట్టపెట్టెల మధ్యే కునుకు తీస్తాడు కాబట్టి అతన్ని అట్ట అనేవారు.

బావమరిది పేరు హారన్. నోరు తెరిచాడంటే వీధి చివరి దాకా వినిపించాల్సిందే. ఉదయం ఎవరింట్లో ఏ మంచం కింద ఏం దొరికిందో సాయంత్రానికి టీ కొట్లో అందరికీ తెలిసేది. అంతటి వాగుడుకాయ ఒకే ఒక్క మాటని ఏడాదికి పైగా మింగలేక కక్కలేక గొంతులో పెట్టుకు తిరిగాడు. ఇదంతా ఆ మాట గురించే.

హారన్‌ని పెంచింది అక్క. తల్లి పోయేనాటికి అతనిది పలక పట్టే వయసు. అక్క లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి తమ్ముణ్ణి సాకింది. అన్నం పెట్టిన చేత్తోనే చెంప కూడా వాయించేది. మీసాలొచ్చి తల నెరిశాక కూడా ఆమె కళ్ళెర్రజేస్తే హారన్ నోరు మూతపడాల్సిందే. లారీని వీపుతో లేపిన జాకీ అయినా సరే, ఇంట్లో అడుగుపెడితే పిల్లి అయిపోవాల్సిందే.

పనిలో జాకీ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. బరువు చేతిలో ఉండగా నాలుగే మాటలు మాట్లాడాలి. పట్టు, మెట్టు, మలుపు, దించు. ఐదో మాట మాట్లాడినవాడికి సాయంత్రం టీ లేదు. ఇది ఎవరి కోసం పెట్టాడో వేరే చెప్పక్కర్లేదు. ఇంకో ముచ్చట కూడా ఉండేది. మెట్లు దిగలేని ముసలివాళ్ళ కోసమని ఒక చెక్క కుర్చీకి పట్టీలు బిగించి, ముందూ వెనకా పిడులు పెట్టించాడు. సామానంతా దిగాక ఆ ఇంటి పెద్దామెనో పెద్దాయననో అందులో కూర్చోబెట్టి, తను కింది కొస పట్టి దింపేవాడు. "బామ్మగారూ, మీ బీరువా ఏడిపించింది కానీ మీరు బంగారం" అనేవాడు. అందుకు అదనంగా ఏమీ అడిగేవాడు కాదు.

ఆఖరి లోడు దించాక ఖాళీ లారీలో ఒక తంతు జరిగేది. ఇద్దరు వీపుకి వీపు ఆనించి, మోచేతులు మెలేసుకునేవారు. ఒకడు ముందుకి వంగి రెండోవాణ్ణి తన వీపు మీదికి ఎత్తుకునేవాడు. పైనున్నవాడి వెన్ను టకటకమనేది, వాడి ముఖంలో హాయి కనిపించేది. దాన్ని నడుం మెటిక అనేవారు. బరువులు మోసేవాళ్ళలో చాలామందికి ఉన్న అలవాటే. ఒకరోజు అక్క క్యారేజీ ఇవ్వడానికి వచ్చి ఈ వైభోగం కళ్ళారా చూసింది.

"వేలు విరుచుకుంటే వేలు మిగులుతుంది. నడుం విరుచుకుంటే ఏం మిగులుతుంది? ఇంకోసారి చూశానంటే ఇద్దరికీ ఇంట్లో తిండి లేదు" అంది.

ఇద్దరూ బుద్ధిగా తలలూపారు. మర్నాటి నుంచి లారీ తలుపు మూసుకుని విరుచుకున్నారు.

యాభై దాటాక జాకీకి నడుం నొప్పి పట్టుకుంది. బరువులు మోసేవాడికి నడుం నొప్పి వస్తే వింత కాదు, రాకపోతే వింత. లారీలో స్టీరింగు పక్కన నొప్పి బిళ్ళల డబ్బా ఎప్పుడూ ఉండేది. పిప్పరమెంట్లు చప్పరించినట్టు చప్పరించేవారు. కానీ ఆ ఏడు నొప్పి తీరు మారింది. పక్కటెముకల్లోకి పాకింది. రెండంతస్తులు ఎక్కేసరికి జాకీకి ఆయాసం వచ్చేది. జలుబు చేస్తే నెల్లాళ్ళు వదిలేది కాదు. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరేది కాదు. ముఖం వెల్ల వేసిన గోడలా పాలిపోయింది. వయసన్నాడు జాకీ. ఎండన్నాడు హారన్. తిండి సరిపోవట్లేదన్నాడు అట్ట. ముగ్గురు వైద్యులు మూడు కారణాలు కనిపెట్టారు, మందు మాత్రం ఒకటే, డబ్బాలో బిళ్ళ.

ఒక రోజు ఒక లాయరు ఇల్లు మార్చారు. పెట్టెల నిండా పుస్తకాలు. అట్టని ఇంటికి పంపేశాక జాకీ లారీలో దుప్పట్ల మీద కూర్చుని లేవలేకపోయాడు.

"పట్టేసిందిరా. ఒకసారి ఎత్తు" అన్నాడు.

హారన్ తలుపు మూశాడు. వీపుకి వీపు ఆనించి, మోచేతులు బిగించి, వంగాడు. టక్కుమనలేదు. తడిసిన అట్టపెట్టె మీద కాలేస్తే ఎలా ఉంటుందో అలా, మెత్తగా ఏదో నలిగిన చప్పుడైంది. జాకీ అరవలేదు. చాలా నెమ్మదిగా "దించు" అన్నాడు. దించాక అతని కాళ్ళు నిలవలేదు.

దుప్పటి మీద పడుకోబెట్టి లారీ తీయబోతుంటే జాకీ చెయ్యి పట్టుకున్నాడు.

"మెట్ల మీద జారానని చెప్దాం. మీ అక్కకి అదే మాట. ఆస్పత్రిలో కూడా అదే మాట."

"ఎందుకు బావా?"

"పడుకున్నవాణ్ణి నన్నేమీ అనదు. నిన్ను చంపేస్తుంది."

ఎముకల డాక్టరు ఏమైందని అడిగాడు. మెట్ల మీద పడ్డానని జాకీ చెప్పాడు. హారన్ గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. ఫొటో తీశారు, వెన్నుపూస ఒకటి నలిగింది. మెట్ల మీద పడ్డవాడికి ఎముక విరగడంలో వింతేముందని డాక్టరు అనుకున్నాడు. నడుముకి బెల్టు, మంచం మీద విశ్రాంతి, అలవాటైన బిళ్ళలే ఇంకా పెద్ద మోతాదులో రాసిచ్చాడు. అక్క రెండు రోజులు మెట్లని తిట్టింది, తర్వాత మొగుడికి తల దువ్వడం మొదలుపెట్టింది. హారన్‌కి ప్రాణం కుదుటపడింది. అప్పుడు ఆ అబద్ధం చాలా తేలిగ్గా ఉంది.

నెల దాటింది. నొప్పి తగ్గలేదు సరికదా, జాకీ తిన్నదల్లా వాంతి చేసుకున్నాడు. కాళ్ళు వాచాయి. ఒంటేలు పోవడం తగ్గింది. ఒకనాటి మధ్యాహ్నం హారన్ వెళ్ళేసరికి మంచం మీద పడుకుని గోడతో మాట్లాడుతున్నాడు. "మలుపు... మలుపు... ఒరేయ్ మలుపు" అంటున్నాడు. అక్క గుమ్మంలో నిలబడి చీర కొంగు కొరుకుతోంది. ఆమె భయపడటం హారన్ పుట్టాక చూసింది అప్పుడే.

పెద్దాస్పత్రిలో రక్తం తీశారు. తుంటి ఎముకలోకి సూది గుచ్చి లోపలి మూలుగ తీశారు. ఒళ్ళంతా ఫొటోలు తీశారు. రక్తం డాక్టరమ్మ పొట్టి మనిషి, గొంతు బొంగురు. అక్కనీ తమ్ముణ్ణీ కూర్చోబెట్టి తొందర లేకుండా చెప్పింది.

"ఎముకల్లో మూలుగ ఉంటుంది కదా, రక్తం తయారయ్యేది అక్కడే. ప్లాస్మా కణాలని కొన్ని అక్కడ ఉంటాయి. బయటినుంచి రోగాలొస్తే పోట్లాడే సరుకు తయారుచేయడం వాటి పని. వాటిలో ఒకటి దారి తప్పింది. అదే పెరిగి పెరిగి మూలుగంతా ఆక్రమించింది. మంచి రక్తానికి చోటు లేక ఆయాసం. అవి చేసే సరుకు రోగాల మీద పనిచేయదు, అందుకే ఆ వదలని జలుబులు. ఆ సరుకే కిడ్నీల్లో అడ్డం పడింది. ఎముకల్ని కూడా అవే కరిగిస్తున్నాయి. కరిగిన సున్నం రక్తంలో చేరి మతి తప్పించింది. దీన్ని మైలోమా అంటారు."

"క్యాన్సరా?" అంది అక్క.

"అవునమ్మా."

"అంటే కాపలా ఉండాల్సినవే తినేశాయి. కంచే చేను మేసింది."

"అచ్చంగా అదే."

నయమవుతుందా అని అక్క అడిగింది. పూర్తిగా పోదు, అణిచి ఉంచగలం, అలా ఏళ్ళకేళ్ళు తిరుగుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, కాకపోతే ఈయన కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి, అదే బెంగ అంది డాక్టరమ్మ. అక్క లేచి మొగుడి దగ్గరికి వెళ్ళింది. హారన్ కుర్చీలోంచి కదల్లేదు.

"ఎవరైనా ఎత్తితే వెన్ను విరుగుతుందా అమ్మా? ఊరికే ఎత్తితే?"

"ఇంతగా తినేశాక దగ్గినా విరుగుతుంది. పైన పటారం లోన లొటారంలా ఉన్నాయి ఎముకలు. ఎత్తినవాడిది తప్పు కాదు."

హారన్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అక్కడితో లేచి వచ్చేసి ఉంటే బతికిపోయేవాడు. డాక్టరమ్మ పాత చీటీలు తిరగేస్తూ తనలో తను అనుకున్నట్టు అంది.

"మెట్ల మీద పడ్డారని ఉంది. అందుకే ఆయన ఇంకేం వెతకలేదు పాపం. ఊరికే విరిగిందని తెలిస్తే ఆ రోజే రక్తం చూసేవారు. ఈ నెలన్నర బిళ్ళలు వేసుకునేవారు కాదు. ఆ బిళ్ళలు ఈ కిడ్నీలకి విషం."

"చూసుంటే కిడ్నీలు మిగిలేవా?"

"ఖాయంగా చెప్పలేను. ఎప్పటినుంచో వేసుకుంటున్నారు కదా. మిగలడానికి అవకాశం మాత్రం ఉండేది."

ఎత్తడం తప్పు కాదని చెప్పిన నోటితోనే, నోరు మూసుకోవడం తప్పని చెప్పింది. ఆమెకి ఆ సంగతి తెలియదు. హారన్ వరండాలోకి వచ్చి గోడకి ఆనుకున్నాడు. అక్క మంచినీళ్ళ సీసాతో ఎదురొచ్చి "ఏమందిరా?" అంటే "ఏం లేదక్కా" అన్నాడు. ఆ ఒక్క మాటతో అబద్ధం బావది పోయి తనదైంది.

జాకీకి మతి కుదుటపడ్డాక విషయమంతా చెప్పారు. ఏడవలేదు. పక్క మంచం మీద ఒక ముసలి దర్జీ ఉన్నాడు, వేరే జబ్బుకి వచ్చాడు. అతని రక్తంలో కూడా ఇలాంటి సరుకే కొద్దిగా ఉందట. కొందరికి అది ఉండి కూడా జన్మలో జబ్బుగా మారదట. అప్పుడప్పుడు రక్తం చూపించుకుని ఇంటికి పోవడమే.

"అదే సరుకు. ఆయనది గోడౌన్లోనే ఉండిపోయింది, నాది ఇంటికొచ్చి దిగింది" అన్నాడు జాకీ. దర్జీకి నవ్వాలో వద్దో తెలియక అటు తిరిగి పడుకున్నాడు.

మందులు మొదలయ్యాయి. పొట్ట మీద సూది, మాత్రలు, ఎముకలు గట్టిపడటానికి ఇంకో సూది. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకని పట్టీల కుర్చీ బయటికి తీశారు. బామ్మల కోసం చేయించిన కుర్చీలో జాకీ కూర్చున్నాడు. అట్ట పై కొస, హారన్ కింది కొస. కింది కొస పట్టినవాడు వెనక్కి నడుస్తాడు, అంటే దిగినంతసేపూ బావ ముఖం బావమరిది ముఖానికి ఎదురుగా ఉంటుంది. హారన్ కళ్ళు దించుకుని మెట్లు చూసుకునేవాడు. నాలుగు మాటలు తప్ప ఐదో మాట అతని నోట రాలేదు. టీ కొట్టువాడు కూడా అడిగాడు, గొంతేమైందని.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. రక్తంలో ఆ చెత్త తగ్గిందన్నారు. వాకర్ పట్టుకుని బాల్కనీ దాకా నడిచాడు. మాత్రల్లో ఒకటి నిద్ర పట్టనిచ్చేది కాదు. అది వేసుకున్న ఒక రోజు, కింద వీధిలో ఎవరో సోఫా దింపుతుంటే పైనుంచి "ఒరేయ్, కాళ్ళు విప్పి దింపరా గాడిదా" అని కేకలేశాడు. అక్క నవ్వింది. కిడ్నీలు మాత్రం తిరిగి రాలేదు. ఆమె నవ్విన ప్రతిసారీ హారన్ ఏదో పని ఉందని లేచిపోయేవాడు.

అక్క లాండ్రీకి వెళ్ళిన ఒక పూట బావ దగ్గర కూర్చుని, డాక్టరమ్మ అన్నదంతా చెప్పాడు. చెప్పి, "అక్కకి చెప్పేస్తాను" అన్నాడు.

"నేను పోయాక చెప్పుకో."

"పోయాక చెప్తే చచ్చినవాడి మీద తోసినట్టవుతుంది బావా. నువ్వు వింటుండగా చెప్పాలి."

"చెప్తే ఏమొస్తుంది? నా కిడ్నీలొస్తాయా? దానికున్నది నువ్వొక్కడివి. నా తర్వాత దాన్నెవరు చూస్తారు?"

జాకీ కళ్ళు మూసుకున్నాడు. "పిల్లాడివిరా నువ్వు. ఆ రోజు నీకేం తెలుసు? అబద్ధం నాది. నా వైపే ఉండనీ" అన్నాడు. మంచం మీద నుంచి కూడా కింది కొస వదలడానికి అతనికి మనసు రాలేదు. హారన్‌కి ఒళ్ళు మండింది, దుఃఖం కూడా వచ్చింది. రెండూ మింగి ఊరుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి జబ్బు తిరగబెట్టింది. మందు మార్చారు, అది పట్టలేదు. జాకీ చేతులు కర్రపుల్లలయ్యాయి. ఒక ఉదయం జ్వరం, గుండెల్లో గురగుర. ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. అట్ట వేరే ఊళ్ళో ఉన్నాడు.

"నేను పడతాను పై కొస" అంది అక్క.

పట్టు అన్నాడు హారన్. కుర్చీ లేచింది. ముందు అతని చేతులకే తెలిసింది. జన్మంతా బరువులు తూచిన చేతులవి. బావ ఇంత తేలికయ్యాడా? ఈ మనిషి మళ్ళీ ఈ మెట్లెక్కి రాడని వాటికి అర్థమైంది. మెట్టు. మెట్టు. మలుపు. రెండో అంతస్తు మలుపు తిరిగాక హారన్ తలెత్తి, బావ తల మీదుగా అక్క ముఖంలోకి చూశాడు.

"అక్కా, బావ మెట్ల మీద పడలేదు. నేనెత్తాను. నువ్వొద్దన్న నడుం మెటిక. ఆ రోజే నిజం చెప్పుంటే అప్పుడే రక్తం చూసేవారట, కిడ్నీలు మిగిలేవేమోనట. నాకు ఇన్నాళ్ళూ తెలుసు."

అక్క చేతులు సడలాయి. కుర్చీ ఒరిగి, బరువంతా హారన్ మీదికి వచ్చింది. జాకీ కుర్చీ పట్టీ గట్టిగా పట్టుకున్నాడు.

"నాలుగే మాటలు" అన్నాడు, ఊపిరి అందక. తర్వాత "చెప్పొద్దన్నది నేనే" అన్నాడు భార్యతో.

బరువు చేతిలో ఉన్న అక్క ఏడవలేదు, కొట్టలేదు, వదిలేసి పోలేదు. చివరికి పిడి బిగించి పట్టుకుంది.

"మెట్టు" అంది.

లారీలో ఎప్పుడూ తమ్ముడి పక్కన కూర్చునే మనిషి ఆ రోజు వెనకెక్కి మొగుడి పక్కన కూర్చుంది. దారిలో వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో హారన్‌కి ఎప్పటికీ తెలియలేదు. ఆస్పత్రిలో మంచం మీదికి మార్చాక జాకీ బావమరిదిని దగ్గరికి రమ్మన్నాడు.

"తేలికైందా?"

"లేదు బావా."

"అవదు. కింది కొస అంతే."

ఊపిరితిత్తుల్లో చేరిన నెమ్ము తగ్గలేదు. కొద్ది రోజుల్లోనే, తెల్లవారుతుండగా పోయాడు. చనిపోయింది నెమ్ముతో అని కాగితంలో రాశారు. ఎముకలు తిన్నదాని పేరు రెండో వరసలో ఉంది. అబద్ధం రాసే గడి ఆ కాగితంలో లేదు.

అక్క తమ్ముణ్ణి తిట్టలేదు. తిడితే బాగుండేది. వెళ్తే మంచినీళ్ళిచ్చేది, అడిగితే జవాబు చెప్పేది, ముఖం మాత్రం చూసేది కాదు. హారన్ లారీలోంచి బిళ్ళల డబ్బా తీసి పారేశాడు. ఒకరోజు అట్ట నడుం పట్టేసిందంటే, పని మధ్యలో లారీ తిప్పి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాడు. ఏమీ లేదన్నారు. అట్ట సంతోషంగా టీ తాగుతుంటే హారన్ లారీ చాటుకి వెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చాడు.

కొన్ని నెలలకి అక్క కబురు పెట్టింది. అదే మేడలో అన్నిటికంటే కింది అంతస్తు ఇంట్లోకి మారుతోందట. హారన్, అట్ట వచ్చి బీరువా, మంచం, పెట్టెలు అన్నీ దింపారు. ఆఖర్న గదిలో పట్టీల కుర్చీ మిగిలింది. హారన్ దాన్ని ఒంటిచేత్తో ఎత్తబోయాడు. అక్క వచ్చి పై పిడులు పట్టుకుంది.

"నేను తెస్తాలే అక్కా. ఇందులో ఏముంది?"

"పట్టు" అంది.

హారన్ కింది కొస పట్టుకుని వెనక్కి నడిచాడు. ఖాళీ కుర్చీని ఇద్దరూ మోస్తూ దిగారు. మెట్టు, అంది అక్క. మలుపు, అంది. రెండో అంతస్తు మలుపు దాటాక ఆగింది. చాలా రోజుల తర్వాత తమ్ముడి ముఖంలోకి సూటిగా చూసింది.

"నిన్ను క్షమించలేదురా. ఎప్పటికి చేతనవుతుందో నాకు తెలీదు. అది నీకు తెలియాలి."

"ఊ."

"సరిగ్గా పట్టుకో."

కింది దాకా దిగారు. కొత్త ఇంటి గుమ్మం దాటి, గోడ పక్కన కిటికీ కింద చోటు చూపించింది. హారన్ దించకుండా పట్టుకునే ఉన్నాడు. అక్క కూడా పిడి వదల్లేదు.

"దించు" అంది అక్క.